ఎడమకు వాలిన పొలుసు

ఈ దీవిలో ఇళ్ళకి చేపల్లా పొలుసులుంటాయి.
చిలోయేలో ముసురు పట్టిందంటే నెలల తరబడి వదలదు,
గోడలు కూడా మనుషుల్లాగే నానతాయి.
అందుకని చెక్కపెంకులు తొడుగుతారు వాటికి,
ఒకదాని మీద ఒకటి, కింది వరస నుంచి పైకి.

మా షెడ్డులో ఒతీలియా నవెల్కిన్
ముప్పై ఏళ్ళుగా బ్యాండ్ రంపం ముందు నిలబడే ఉంది.
ఎడమ చూపుడువేలు సగమే.
ఎలా పోయిందంటే "ఆదివారం పని చేశాను" అంటుంది,
అంతకు మించి ఒక్క ముక్క రాలదు.
నా పని పొట్టు ఎత్తడం, బ్లేడు తుడవడం,
నోరు మూసుకోవడం.

స్విచ్చి వేయగానే మోటారు ముందు దగ్గుతుంది,
తర్వాత సన్నగా ఈల అందుకుంటుంది.
చెక్క తగిలాక గొంతు మారుతుంది:
సైప్రస్ అయితే తేనెటీగ,
మాన్యో అయితే తనలో తనే తిట్టుకునే ముసలమ్మ,
ముడి అడ్డొస్తే ఇద్దరూ ఒక్కసారే.
కళ్ళు మూసుకుని ఏ చెక్కో చెప్పగలను ఇప్పుడు.
రెండు చలికాలాలు పట్టింది.

పోయిన ఆగస్టులో బార్రియా వచ్చాడు,
కోటులోపల పిల్లికూనని దాచినట్టు
ఒక పాత పెంకు దాచుకుని.
"పడమటి గోడ గాలికి ఊడింది.
ఇలాంటివే మూడొందల నలభై."
అలెర్సె చెక్క అది. ఆ చెట్టుని ఇప్పుడు నరకనివ్వరు.
వానలు తాగి తాగి వెండిరంగుకి తిరిగింది,
గోరుతో గీరితే లోపల ఇంకా ఎరుపే,
ఇంకా వాసనే.

ఒతీలియా దాన్ని అట్టమీద పెట్టి గీసింది.
తల పక్కకి వంచింది.
కింది వంపు మొన మధ్యలో లేదు,
ఎడమకి జరిగింది, బియ్యపుగింజంత.
"ఎవడిదో వంకర చెయ్యి" అని
పెన్సిలుతో దిద్దింది.
ఆ దిద్దిన అచ్చుతోనే మూడు రోజులు కోశాం.
పొట్టు నా కనుబొమలమీద, టీలో, చెవుల్లో.

శనివారం నిచ్చెనేసి మొదటి వరస కొట్టాం.
దిగి చూస్తే
కొత్తవి పరాయి పెళ్ళిలో కూర్చున్నట్టున్నాయి,
నిటారుగా, ఎవరికీ ఆనకుండా.
పాతదీ కొత్తదీ కలిసేచోట నల్లటి సందు,
బియ్యపుగింజంతే.
వానకి అంతకన్నా పెద్ద వాకిలి అక్కర్లేదు.

బార్రియా ఏమీ అనలేదు.
కిటికీలోంచి వాళ్ళ అమ్మమ్మ ఎదువీహిస్ అంది:
"మా నాన్న ఎడమచేతివాటం.
బడిలో ఆ చేతిని బెంచీకి కట్టేసి రాయించేవారట.
పెద్దయ్యాక ఈ గోడంతా దాంతోనే రాసుకున్నాడు."
నవ్వుతూ చెప్పలేదు.

తీరా వేలితో తడిమి చూస్తే
ఏ రెండు పెంకులూ ఒకేలా వాలలేదు.
ఏ అచ్చుకీ దొరకవు.

షెడ్డుకొచ్చి ఒతీలియా అట్టని పొయ్యిలో వేసింది.
"నెల్దా, చెంచా ఏ చేత్తో పడతావు?"
దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పాను.
రెండేళ్ళు ఆమె ఎదుట కుడిచేత్తోనే చీపురు పట్టాను.
"రా, నిలబడు ఇక్కడ."
స్విచ్చి తనే వేసింది,
చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు.

మొదటి మూడూ పొయ్యిలోకి పోయాయి.
నాలుగోది ముడి దగ్గర మెలిక తిరిగింది.
నా గుండె చప్పుడు, మోటారు చప్పుడు
విడదీయడం కష్టమైంది.
చెక్కని నెట్టకూడదని తెలిసింది అప్పుడే,
అది వెళ్ళాలనుకునే వైపు
నెమ్మదిగా తోడు నడవాలి.
ఎన్నోదో లెక్కలేదు, ఒకటి చేతిలో వాలింది,
ఎడమకి, తనంతట తను.
ఒతీలియా దాన్ని వెలుతురుకి పట్టి చూసి
సగం వేలితో అంచు తడిమి
పక్కన పెట్టింది. పొయ్యి పక్కన కాదు.

పడమటి గోడ ఇప్పుడు కారడం లేదు.
ఒక్కచోట కారుతుంది, అది కిటికీ తప్పు.

దిద్దిన పెంకులు రెండొందల పైచిలుకు మిగిలాయి.
వాటితో ఒతీలియా కోళ్ళగూడు కప్పింది.
దీవి మొత్తంలో
అంత తిన్నని గోడలు ఎవరికీ లేవు.
కోళ్ళు మాత్రం
బయటే, వానలో తిరుగుతాయి.